చేవగల కానుక

తెలుగువారు వివాహము జరుగుటను "పీటలెక్కుట" అందురు. చివరి గడియలో సంబంధము చెడినచో "పీటలమీద పెండ్లి ఆగిపోయినది" అని వాపోవుదురు. మంగళసూత్రమునకు గల గౌరవము గాని, తలంబ్రాలకు గల సందడి గాని పీటకు లేదు. అయినను ఒక ఇంటి సంతోషమును, ఒక ఇంటి దుఃఖమును చెప్పుటకు మన భాష ఆ చిన్న కొయ్యపలకనే ఎన్నుకొన్నది. వధూవరులు దంపతులుగా మొట్టమొదట ప్రక్కప్రక్కన కూర్చుండునది దానిపైననే గదా!

విద్యార్థులారా! పెండ్లికి కానుకగా ఇచ్చు కొయ్యసామానులను గూర్చి ఈ పాఠములో ముచ్చటింతము. పీట, మంచము, సందుగ, తొట్టెల మనము నిత్యము చూచుచుండు వస్తువులే. కాని ఒక్కొక్క దాని వెనుక ఒక చెట్టు, ఒక పనివాని చేయి, ఒక తండ్రి మనసు ఉన్నవి. ఒక్కొక్కసారి ఒక కుటుంబపు కన్నీరును ఉన్నది. ఆ కన్నీరు ఎందుకు వచ్చినదో తెలిసికొన్నప్పుడే కానుక అను మాటకు నిజమైన అర్థము తెలియును.

హైదరాబాదునకు పడమట సుమారు 80 కిలోమీటర్ల దూరమున అనంతగిరి కొండలు కలవు. వాని చెంతనే వికారాబాదు పట్టణము ఉన్నది. మూసీనది ఈ కొండలలోనే పుట్టి, హైదరాబాదు గుండ పారి, తుదకు కృష్ణలో కలియును. వికారాబాదునుండి ఇంకను పడమటికి పోయినచో తాండూరు వచ్చును. అచ్చటి నేల త్రవ్వినచో పలకలు పలకలుగా నాపరాయి దొరకును. అచ్చట పండు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1874లో సికింద్రాబాదునుండి వాడివరకు నడచిన రైలుమార్గము ఈ రెండు పట్టణములను కలుపుచున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన వికారాబాదు జిల్లా ఏర్పడగా తాండూరు అందులో చేరినది. నేను పుట్టినది తాండూరు దాపునగల ఒక పల్లెలో. పాఠములు చెప్పినది వికారాబాదు ప్రాంతములో. కనుక ఒకవైపు రాయిని, మరొకవైపు కొయ్యను చూచుచు పెరిగితిని.

మన ప్రాంతపు అడవులు వేసవిలో ఆకు రాల్చి, తొలకరికి మరల చిగిర్చునట్టివి. అట్టి అడవులలో టేకు ముఖ్యమైనది. దాని లేత ఆకును అరచేత నలిపినచో చేయి ఎర్రబారును. వానకాలమున చెట్టు తలనిండ తెల్లని చిన్న పూవుల గుత్తులు కనబడును. టేకు కొయ్యలో సహజముగా ఒక తైలము ఉండుటచేత చెదలు దానిని సులభముగా అంటవు. నల్లమద్ది బెరడు పగుళ్లు బారి మొసలి వీపును తలపించును. దాని కొయ్య మిక్కిలి గట్టిది. వేగిసచెట్టునకు గాటు పెట్టినచో నెత్తురువంటి ఎర్రని జిగురు కారును. జిట్రేగి కొయ్య నలుపు కలిసిన ఊదారంగుతో నిగనిగలాడును. నల్లతుమ్మ బండిచక్రములకు, నాగళ్లకు పేరుపొందినది. ఇక వేప పెరటిలోను, పొలము గట్టునను పెరుగు చెట్టు. దాని చేదు మనిషికి మందు, పురుగునకు పగ.

ఏ చెట్టు కొయ్య ఏ పనికి తగునో తెలిసినవాడే మంచి వడ్రంగి. మా ప్రాంతమున వడ్రంగిని "వడ్లాయన" అందురు. నాగలి మొదలు ఇంటి ద్వారబంధమువరకు, కవ్వము మొదలు పెండ్లి పీటవరకు ఊరికంతటికి ఆయన చేతిపనియే ఆధారము. వెనుకటి కాలమున పనికి పని లెక్క కట్టి ధనమిచ్చు పద్ధతి తక్కువ. పంట ఇంటికి వచ్చినప్పుడు ప్రతి రైతును వడ్లాయనకు ఇంత ధాన్యమని కొలిచి ఇచ్చుచుండెను. దానిని "బలుత" అనుచుండిరి. పెండ్లి పీటలు చేసి తెచ్చినప్పుడు మాత్రము మా ఊర క్రొత్తబట్టలు, బియ్యము, తాంబూలము, దక్షిణ వేరుగా ఇచ్చుచుండిరి. అది కూలి కాదు, మర్యాద.

ఇచ్చట మీరు ఒక మాట తెలిసికొనవలెను. అది "చేవ." చెట్టును అడ్డముగా కోసి చూచినచో రెండు భాగములు కనబడును. వెలుపల తెల్లగా, మెత్తగా ఉండు పొర ఒకటి. లోపల రంగు తేరి గట్టిగా ఉండు భాగము మరొకటి. వెలుపలి పొర చెట్టు బ్రతికియున్నంతకాలము వేళ్లనుండి నీటిని పైకి తీసికొనిపోవును. అందులో పిండిపదార్థము నిలువ ఉండును గనుక కోసిన పిమ్మట పురుగు మొదట దానినే పట్టును. లోపలి భాగము ఆ పనినుండి విరమించి, తైలములను, చేదుపదార్థములను నింపుకొని గట్టిపడి చెట్టును నిలబెట్టును. దానినే చేవ అందురు. చేవ ఏర్పడుటకు ఏండ్లు పట్టును. మంచి చేవగల టేకు కావలెనన్న ఒక తరము నాటి మరొక తరము కోయవలసినదే. కష్టమునకు నిలబడు మనిషిని చూచి "చేవగలవాడు" అని మన పెద్దలు అనుట ఊరక పుట్టిన మాట కాదు.

ఇప్పుడు మా ఇంటి కథ ఒకటి చెప్పెదను. 1972లో నేను ఆరవ తరగతి చదువుచుంటిని. మా పెద్దక్కకు సంబంధములు చూచుచుండిరి. మా తండ్రిగారికి నాలుగెకరముల భూమి ఉండెను. దాని గట్టున మా తాతగారు నాటిన వేపచెట్టు ఒకటి ఉండెను. ఆ యేటి వేసవికి ముందు, చెట్టు ఆకు రాల్చిన సమయమున, మా ఊరి వడ్లతాత వచ్చి దాని చుట్టు రెండుసార్లు తిరిగి, మొదలుపై చేయి వేసి, "తమ్మీ! బిడ్డ పెండ్లి ఎప్పుడో నాకు తెలియదు. చెట్టు మాత్రము ఇప్పుడే కొట్టవలెను. పచ్చికొయ్యతో మంచము చేసినచో ఏడు తిరుగకముందే కీళ్లు వదులును" అని మా తండ్రితో చెప్పెను.

చెట్టు పడినది. ఇద్దరు మనుషులు కోతరంపమును చెరియొక వైపు పట్టి దుంగను పలకలుగా కోసిరి. ఆ పలకలను ఎండలో వేయలేదు. కొట్టముక్రింద నీడలో, ఒకదానిపై నొకటి, నడుమ చిన్న కర్రపుల్లలు పెట్టి, గాలి ఆడునట్లు పేర్చిరి. కొయ్యలోని నీరు మెల్లగా పోవలెను; త్వరపడినచో పగులును. అంగుళము మందమునకు ఒక ఏడు ఆరబెట్టవలెనని వడ్లతాత లెక్క. ఆరునప్పుడు కొయ్య పొడవున దాదాపు తగ్గదు గాని వెడల్పున కుదించుకొనును. ఈ మర్మము తెలియనివాడు పచ్చికొయ్యతో చేసిన పీట మొదటి వేసవిలోనే వంగిపోవును.

ఆ సంవత్సరము దక్కను పీఠభూమి అంతట కరువు వచ్చినది. మా జొన్నచేను మోకాలెత్తున ఎండిపోయినది. ఇంటిలో ఉన్న ధాన్యము మార్గశిరమునకే ముగిసినది. ఎవరో వచ్చి ఆ వేపపలకలను కొందుమనిరి. నాన్నగారు ఒక రాత్రియంతయు నిద్రపోలేదు. ఉదయమున లేచి, "ఆకలి ఈ యేటితో పోవును, బిడ్డకు ఇచ్చునది మరల దొరకదు" అని పలకలను అమ్మలేదు. అమ్మ చెవికమ్మలు మాత్రము ఆ నెలలో పోయినవి.

మరుసటి యేడు సంబంధము కుదిరినది. మాఘమాసమున వడ్లతాత పని మొదలుపెట్టెను. నేను బడి విడిచిన వెంటనే పోయి ఆయన ముందర కూర్చుండెడివాడను. మొదట బాడిసతో కొయ్యను చదును చేసెను. తరువాత చిత్రిక పట్టెను. చిత్రిక నోటినుండి పలుచని కొయ్యపొరలు ఉంగరములవలె చుట్టుకొని రాలుచుండెను. కొట్టమంతయు వేపవాసన నిండుచుండెను. మంచపు కోళ్లను తరిమెనపై పట్టెను. ఆయన మనుమడు త్రాటిని ముందునకు వెనుకకు లాగుచుండగా కొయ్య గిరగిర తిరుగుచుండెను. తాత ఉలి ఆనించినచోట వలయములు తేలుచుండెను. తెల్లచెక్క కనబడినంతవరకు చెక్కి పారవేయుచుండెను. "తాతా! ఇంత కొయ్య దండుగ చేయుచున్నావే!" అని నేనంటిని. "బిడ్డా! ఇది దండుగ కాదు. ఈ తెల్లదనమును ఇప్పుడు నేను తీయనిచో రేపు పురుగు తీయును" అని ఆయన నవ్వెను.

మంచమునకు ఒక్క ఇనుపమేకైనను వాడలేదు. పట్టె కొనను సన్నగా చెక్కి, కోడులో తొలిచిన బెజ్జములోనికి దిగగొట్టి, అడ్డముగా ఒక చిన్న కొయ్యచీలను బిగించెను. ఇనుము త్రుప్పుపట్టి కొయ్యను తినును. కొయ్య కొయ్యను తినదు. వానకాలమున రెండును కలసి ఉబ్బును. వేసవిలో రెండును కలసి తగ్గును. అందుచేత కీలు వదులు కాదు. "ఆలుమగలును ఇట్లే ఉండవలెను" అని తాత మా అక్కను చూచి అనగా ఆమె సిగ్గుపడి లోపలికి పరుగెత్తినది. పీటలకు మాత్రము ఆయన తన ఇంటిలో ఏనాటినుండియో దాచియుంచిన టేకుముక్కను తీసెను. రెండు పీటలను ఆ ఒక్క ముక్కనుండియే చేసి, నాలుగు మూలల తామరమొగ్గలు చెక్కెను. "మనుషులు వేరు ఇండ్లనుండి వచ్చెదరు, పీటలైన ఒక తల్లి బిడ్డలు కావలెను" అని ఆయన మాట.

వైశాఖమున పెండ్లి. పచ్చని పందిరి క్రింద పీటలకు పసుపు పూసి, ముగ్గు వేసి, కుంకుమ పెట్టిరి. మంచమును నులకతో అల్లి, కోళ్లకు పసుపుదారము కట్టి పందిరి ప్రక్కన ఉంచిరి. అప్పుడు పెండ్లికుమారుని మేనమామ వచ్చి మంచపుపట్టెను వ్రేలితో కొట్టి చూచెను. "ఇది వేప! టేకుమంచము పెట్టుదురనుకొంటిమి. టేకుమంచము వచ్చినదాక మావాడు పీటలెక్కడు" అని బిగ్గరగా పలికెను. డోళ్లు ఆగిపోయినవి. మాట కుదిరిననాడు మంచమనిరే గాని ఏ కొయ్య అని ఎవరును అనలేదు. అయినను మా తండ్రి వాదింపలేదు. చేతులు జోడించి నిలబడెను. ఆ చేతులు వణకుట నేను చూచితిని. లోపలి గదిలో మా అక్క తల వంచుకొని కూర్చుండి యుండెను.

వడ్లతాత ముందునకు వచ్చి, మంచమును తలక్రిందులు చేసి, "అయ్యా! ఈ కొయ్యలో చెలిగోరంత తెల్లచెక్క చూపుడు; నేనే గొడ్డలితో నరికి పొయ్యిలో పెట్టెదను" అనెను. మేనమామ వంగి చూచెను. ఎచ్చటను కనబడలేదు. అయినను, "గట్టిదైన కావచ్చును, టేకు మాత్రము కాదు గదా!" అనెను.

అంతవరకు ఒక మూల కూర్చున్న పెండ్లికుమారుని అవ్వ లేచి వచ్చినది. ఎవరితోను మాటాడక ఆ మంచముపై కూర్చుండి, పట్టెను చేతితో నిమిరినది. తరువాత తన కుమారుని చూచి, "నేను నీ తండ్రి ఇంటికి వచ్చినప్పుడు బండిలో నాతో వచ్చినది వేపమంచమే. నీవు పుట్టినది దానిమీదనే. నీకు సిగ్గు కలిగించునది ఏది నాయనా? ఈ మంచమా, ఆ మంచమా?" అని అడిగినది. మేనమామ తల దించుకొనెను. పెండ్లికుమారుడు ఎవరి ఆజ్ఞ కొరకును చూడక వచ్చి పీటపై కూర్చుండెను. డోళ్లు మరల మ్రోగినవి.

ఇది జరిగి ఏబది యేండ్లు దాటినది. ఆ మంచము నేటికిని మా అక్క ఇంటిలో ఉన్నది. నులక ఎన్నిసార్లు మార్చిరో లెక్కలేదు. కీలు మాత్రము ఒక్కటియు వదలలేదు. ఆ పీటలమీదనే ఆమె కొడుకు పెండ్లి జరిగినది.

కథ ఇంతటితో ముగిసినచో ఎంత బాగుండెడిదో! 1981లో మా చిన్నక్క పెండ్లి వచ్చినది. అప్పుడు నేను పండితశిక్షణ పొందుచుంటిని. ఈసారి వరునివారు ముందుగనే జాబితా వ్రాసి పంపిరి: పట్నములో కొన్న టేకుమంచము, అద్దముగల బల్ల, బీరువా, ఇవిగాక కట్నము. నేను వలదంటిని. కాని "ఈ సంబంధము పోయినచో?" అను భయము ఇంటిలో అందరి నోళ్లను కట్టివేసినది, నా నోటిని సైతము కట్టివేసినది. నాన్నగారు రెండెకరములు అమ్మిరి. అందులో ఆ వేప మొదలు ఉన్న గట్టును పోయినది. కొట్టిన మొదటినుండి చిగిర్చిన పిలక అప్పటికి నా తల ఎత్తును దాటి యుండెను.

పట్నమునుండి లారీలో వచ్చిన మంచము అద్దమువలె మెరయుచుండెను. చూచినవారందరును ముక్కుపై వ్రేలు వేసికొనిరి. వడ్లతాత అప్పటికి ముదుసలి. ఆయన చేతికర్ర ఊతగా వచ్చి, మంచము అడుగును తడిమి చూచి, ఏమియు అనకుండ వెడలిపోయెను. మూడవ వానకాలమున ఆ మంచము క్రింద తెల్లని పిండి రాలసాగినది. పైన టేకుపొర కాగితమంత పలుచన. లోపల అంతయు తెల్లచెక్క. పుచ్చు పట్టినది. మోసము చేసినది అంగడివాడు. మాటలు పడినది మాత్రము మా చిన్నక్క. "మీ నాయన పుచ్చుమంచము పెట్టినాడు" అను ఎత్తిపొడుపును ఆమె ఎన్నియేండ్లు భరించినదో! నాన్నగారు కన్నుమూయుటకు ముందు ఒకనాడు నాతో, "మొదటి మంచమునకు చెట్టు పోయినది, రెండవ మంచమునకు నేల పోయినది. చెట్టు మరల మొలచును నాయనా!" అనిరి. అంతకంటె పెద్ద పాఠము నేను ఏ తరగతిలోను చెప్పలేదు.

రెండు మంచములును పెండ్లికి ఇచ్చినవే. భేదమెచ్చట ఉన్నది? మొదటిది ఇచ్చినది, రెండవది పుచ్చుకొనబడినది. మన భాషలో వీనికి వేరువేరు మాటలున్నవి. తల్లిదండ్రులు ప్రేమతో కూతునకు ఇచ్చునది అరణము. అత్తవారింటికి పోవునప్పుడు ఆమె వెంట పంపునది సారె. బంధువులు పందిరిలో తమ కానుకలను పేరుపేరున చదివించుకొనుటను "కట్నములు చదివించుట" అందురు. అచ్చట కట్నమనగా కానుకయే. మనసారా ఇచ్చు కానుకకు చెల్లిన ఆ మాట, అడిగి, ఒత్తిడి చేసి తీసికొను వరకట్నమునకు పేరై చెడిపోయినది. కొయ్యకు పుచ్చు పట్టినట్లే మాటకును పుచ్చు పట్టును.

ఈ పుచ్చును అరికట్టుటకు ప్రభుత్వములు చట్టములు చేసినవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1958లోనే వరకట్న నిషేధచట్టము చేసినది. దేశమునకంతటికి వర్తించు చట్టమును పార్లమెంటు 1961లో చేసినది. దానిని 1984లోను, 1986లోను మరింత కఠినము చేసిరి. కట్నము తీసికొనుటయే కాదు, ఇచ్చుటయు, అడుగుటయు నేరములే. ఇచ్చినను, పుచ్చుకొన్నను సాధారణముగా అయిదేండ్లకు తక్కువ కాని జైలుశిక్షయు, జరిమానాయు కలవు. కాని ఎవరును అడుగకుండ ప్రేమతో ఇచ్చు కానుకను చట్టము అడ్డగింపదు. అట్టి కానుకలకు జాబితా వ్రాయవలెనని 1985లో నియమములు చేసిరి. వస్తువేమి, దాని విలువ సుమారెంత, ఇచ్చినవారెవరు, వారి బంధుత్వమేమి అను వివరములను వ్రాసి వధూవరులు సంతకము చేయవలెను. వరునివైపునకు ఇచ్చు కానుకలు ఆచారమునకు లోబడి, ఇచ్చువారి శక్తికి మించక ఉండవలెను. మా రెండవ పెండ్లినాటికి 1961 చట్టము ఉండనే ఉన్నది. చట్టము పుస్తకములో ఉన్నది. ధైర్యము మా ఇంటిలో లేకపోయినది.

పెండ్లికి కొయ్యవస్తువులు కానుకగా ఇచ్చు ఆచారము మన యొక్కరిదే కాదు. తమిళదేశమున ఎర్రచందనముతో చేసిన దంపతుల బొమ్మలను పెండ్లికూతునకు ఇత్తురు. వానిని మరపాచి బొమ్మలందురు. ఆమె వానిని బొమ్మల కొలువున నిలుపును. జపాను దేశమున వెనుకటి కాలమున ఆడపిల్ల పుట్టగానే పెరటిలో "కిరి" అను చెట్టును నాటెడివారు. అది త్వరగా పెరుగు చెట్టు. పిల్ల పెండ్లియీడునకు వచ్చునప్పటికి దానిని కోసి, ఆమె బట్టలు దాచుకొను పెట్టెను చేయించి ఇచ్చెడివారు. గ్రీకుల పురాణకథలో ఒడిస్సియస్ అను రాజు వేళ్లతో నిలిచియున్న ఓలివ్ చెట్టునే ఒక కోడుగా మలచి తన మంచమును నిర్మించెను. ఇరువది యేండ్ల తరువాత అతడు ఇంటికి రాగా, అతని భార్య ఆ మంచమును బయటకు జరుపుడని సేవకురాలికి చెప్పి అతనిని పరీక్షించినది. "వేళ్లున్న మంచమును ఎట్లు జరుపుదురు?" అని అతడు ఆశ్చర్యపడగా, ఈతడు తన భర్తయేయని ఆమె గుర్తించినది. ఎచ్చటి వారైనను దాంపత్యమునకు గుర్తుగా కొయ్యను ఎన్నుకొనుట చూచితిరా? పెరుగునది, నిలుచునది, తరమునుండి తరమునకు అందునది కొయ్యయే గనుక.

ఇప్పుడు కాలము మారినది. పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు వచ్చినవి. విద్యుత్తుతో నడచు రంపములు, చిత్రికలు వచ్చినవి. యంత్రము మనకు శత్రువు కాదు. అది వడ్రంగి వీపునకు విశ్రాంతినిచ్చినది. కాని ఏ దుంగలో చేవ ఎంత ఉన్నదో, ఏ పలక ఎంత ఆరినదో నిర్ణయించునది నేటికిని పనివాని కన్ను, చేయి. అట్టి పనికి గౌరవము లేకపోలేదు. మన నిర్మల్ కొయ్యసామానులకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభించిన విశ్వకర్మ పథకములోని 18 చేతివృత్తులలో వడ్రంగము ఒకటి; అందు శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయమును కలవు.

చెట్ల విషయమునను జాగ్రత్త అవసరము. అడవిచెట్టు అందరి సొత్తు. దానిని దొంగతనముగా కొట్టి చేసిన టేకుమంచము ఎంత మెరసినను అది పాపపు మంచమే. సొంత భూమిలోని చెట్టును కొట్టుటకును 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి పొందవలసియున్నది. ఒక చెట్టును కొట్టువాడు ముందుగా మరికొన్నింటిని నాటుట న్యాయము. మా తాత నాటనిచో మా అక్కకు మంచము లేదు. నేడు మనము నాటనిచో మన మనుమరాండ్రకు కథ మాత్రమే మిగులును.

విద్యార్థులారా! మీరు పెద్దవారై మీ అక్కచెల్లెండ్ర పెండ్లిండ్లను, మీ పెండ్లిండ్లను చూతురు. అప్పుడు పందిరిలో ఒక మంచము కనబడినచో దాని మెరుపును చూచి మోసపోకుడు. దానిని అడుగువైపు త్రిప్పి చూడుడు. కొయ్యలో తెల్లచెక్క ఉన్నదా? ఇచ్చినవాని కంట నీరున్నదా? ఈ రెండును లేని కానుకయే చేవగల కానుక. అడిగి తీసికొనిన మంచముపై ఎవరికిని సుఖనిద్ర పట్టదు. నా నోరు కట్టుబడిన ఆనాటి తప్పు మీ నోట జరుగకుండుగాక!

ప్రశ్నలు

1. "చేవ" అనగా నేమి? వెలుపలి తెల్లచెక్కకును, చేవకును గల భేదమును వ్రాయుడు.

2. కోసిన పలకలను నీడలో పేర్చి ఆరబెట్టుటకు కారణమేమి?

3. పెండ్లికుమారుని అవ్వ పలికిన మాటల భావమును మీ సొంత మాటలలో వివరింపుడు.

4. "మొదటి మంచమునకు చెట్టు పోయినది, రెండవ మంచమునకు నేల పోయినది." ఈ మాటలను సందర్భముతో వ్యాఖ్యానింపుడు.

5. అరణము, సారె, వరకట్నము అను వాని భేదములను వ్రాయుడు.

6. మీ ఇంటిలోని పాత కొయ్యవస్తువు నొకదానిని చూచి, అది ఏ కొయ్యతో, ఎవరి కొరకు, ఎప్పుడు చేయబడినదో పెద్దలనడిగి పది వాక్యములలో వ్రాయుడు.